టీకా తర్వాత ఆ అరగంట: ఏది మామూలు, ఏది ప్రమాదం, లంకల్లో ఉన్నవాళ్లు ఏం చేయాలి

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మీ పాపకి ఆరో వారం టీకాలు వేయించారు. ఆ రాత్రి 101 జ్వరం వచ్చింది, సూది వేసిన చోట తొడ గట్టిపడింది, చాలాసేపు పేచీ పెట్టింది. రెండో రోజుకి తగ్గిపోయింది. ఈలోగా పక్క లంకలో (గోదావరి మధ్య దీవిలో) ఒక బాబుకి టీకా వేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరాడక, ఆసుపత్రిలో పెట్టారని తెలిసింది. ఇప్పుడు పదో వారం దగ్గరపడింది, మీ అత్తగారు వద్దంటున్నారు. నిజంగా ప్రమాదమైన రియాక్షన్‌ని ఎలా గుర్తుపట్టాలి, గోదావరి దాటితే గాని ఆసుపత్రి లేని ఊళ్లో ఏం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పదో వారం టీకా వేయించండి. మీ పాపకి వచ్చిన జ్వరం, గట్టిదనం తర్వాతి డోసు ఆపడానికి కారణాలు కావు. టీకా వేయించిన చోటే 30 నిమిషాలు కూర్చోండి. ప్రాణం మీదకి తెచ్చే ఎలర్జీని డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు. అది చాలామందిలో ఆ అరగంటలోనే బయటపడుతుంది. దాన్ని ఆపే మందు అడ్రినలిన్. ఆ మందు సిస్టర్ కిట్‌లో ఉంటుంది. మీ ఇంట్లో ఉండదు, ఏరు దాటించే పంటు మీద ఉండదు.

నేను డాక్టర్ని కాదు. కోనసీమలో ఏఎన్‌ఎంగా (ఊళ్లో టీకాలు వేసే నర్సుగా) చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా బుధవారాలు, శనివారాలు టీకాల పెట్టె పట్టుకుని లంకలు తిరిగినదాన్ని. ఆ అనుభవంతోనూ, మాకిచ్చిన ట్రైనింగుతోనూ చెబుతున్నాను.

మన లంకల్లో అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, తల్లులకి టీకా మీద కంటే రేవు మీద ధ్యాస ఎక్కువ. "పంటు వెళ్లిపోతుందమ్మా, పడవ వాడు ఆగడమ్మా" అని సూది వేసిన ఐదు నిమిషాలకే బిడ్డని చంకనేసుకుని బయల్దేరతారు. నర్సాపురం, సఖినేటిపల్లి రేవు దగ్గరైనా అంతే, చిన్న పాయల మీద నాటుపడవల దగ్గరైనా అంతే. ఏటి మధ్యలో బిడ్డకి ఊపిరాడకపోతే ఎవరేం చేయగలరు? ఈ ఒక్క విషయం మీద తల్లులతో నేను పడ్డ గొడవలు ఇన్నీ అన్నీ కావు. మీరు మటుకు పడవ టైము చూసుకుని, దానికి గంట ముందే టీకా అయ్యేలా వెళ్లండి. ముందు రోజు సాయంత్రం ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి, మాకు ముందుగా వేయండి, ఏరు దాటాలి అని చెబితే తప్పకుండా చూస్తారు.

ఇక గుర్తులు. అనాఫిలాక్సిస్ చాలా అరుదు. పది లక్షల డోసుల్లో ఒకటి రెండుకి వస్తుంది అనుకోండి. సర్వీసంతా టీకాలు వేసి దాన్ని ఒక్కసారీ చూడకుండా రిటైరైన సిస్టర్లున్నారు. కానీ వచ్చిందంటే నిమిషాల మీద ముదురుతుంది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, దురద, పెదాలు, కళ్లు, ముఖం వాచడం అందరికీ తెలిసిన గుర్తులు. వీటికంటే ముఖ్యమైనవి ఊపిరికి సంబంధించినవి: గొంతు బొంగురుపోవడం, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం, ఆగని దగ్గు. ఇంకా ముఖం పాలిపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం, ఒకదాని వెంట ఒకటి వాంతులు. దద్దుర్లు లేకుండా కూడా అనాఫిలాక్సిస్ రావచ్చు. దద్దుర్లు లేవు కదా అని ఆగిపోకండి.

చంటిపిల్లలు దురద అని చెప్పలేరు, గుండె దడ అని చెప్పలేరు. మీ పాప వయసు పిల్లల్లో నేను చూడమనేది ఏమిటంటే: అప్పటిదాకా గట్టిగా ఏడ్చిన బిడ్డ ఉన్నట్టుండి మెతకబడిపోయిందా, ఏడుపు గొంతు మారిందా, చొంగ ఎక్కువగా కారుతోందా, పిలిస్తే చూడటం మానేసిందా. గొంతు చించుకుని ఏడుస్తున్న బిడ్డని చూసి తల్లి కంగారుపడుతుంది గాని, అంత గట్టిగా ఏడవగలిగిందంటే ఊపిరి బాగానే ఆడుతున్నట్టు. సూది వేశాక హఠాత్తుగా నిశ్శబ్దమైపోయిన బిడ్డ దగ్గరికే నేను ముందు పరిగెత్తేదాన్ని. సూది నొప్పికి అలిసి నిద్రపోయిన బిడ్డ అయితే ఒంటి రంగు బాగుంటుంది, అరికాలు గిల్లితే కాలు లాక్కుంటుంది, రొమ్ము నోటికి అందిస్తే చప్పరిస్తుంది.

నేను చూసిన ఒక బాబు సంగతి చెబుతాను. ఏడాదిన్నర వయసు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు. అంగన్‌వాడీలో వేశాం. నాయనమ్మ వెంటనే బయల్దేరబోతే ఆశా గుమ్మంలోనే ఆపి కూర్చోబెట్టింది. పది నిమిషాలు కాలేదు, బాబు మెడ మీద ఎర్రగా తట్లు లేచాయి. చూస్తుండగానే పొట్ట మీదకి పాకాయి. పైపెదవి వాచింది, పిల్లికూతలు మొదలయ్యాయి. మా ఏఎన్‌ఎం అమ్మాయి చిన్నదే, చేతులు వణుకుతున్నా ఆగలేదు. కిట్ తెరిచి, వయసుకి తగిన డోసు చూసుకుని, తొడ మధ్యలో బయటివైపు కండలోకి అడ్రినలిన్ ఇచ్చేసింది. నేను 108కి ఫోన్ చేశాను. కొన్ని నిమిషాల్లోనే ఊపిరి తేలికపడింది. ఆసుపత్రిలో ఆ రాత్రి ఉంచుకుని మర్నాడు పంపించారు. ఆ నాయనమ్మ ఆ పడవ ఎక్కి ఉంటే అని ఇప్పటికీ ఆలోచన వస్తుంది నాకు.

అలాంటి పరిస్థితి వస్తే మీరేం చేయాలి? మొదట గట్టిగా సిస్టర్‌ని పిలవండి. మొహమాటపడొద్దు, తప్పుగా అనుకుంటారేమో అనుకోవద్దు. బిడ్డని చదునుగా పడుకోబెట్టి, కాళ్ల కింద బట్టలమూట పెట్టి కాస్త ఎత్తండి. వాంతి చేసుకుంటున్నా, స్పృహ లేకపోయినా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి కష్టంగా ఉంటే ఒళ్లో ఆనించి కూర్చోబెట్టుకోవచ్చు. భుజాన వేసుకుని పరిగెత్తొద్దు. బీపీ పడిపోయిన మనిషిని నిలువుగా లేపితే గుండెకి రక్తం సరిగా అందదు, ప్రాణం మీదకి వస్తుంది. నీళ్లు, పాలు, పంచదార నీళ్లు ఏవీ నోట్లో పోయొద్దు.

ఆ సమయంలో ఊళ్లో ఆర్‌ఎంపీని పిలవడం, ఆయన ఎవిల్ (ఎలర్జీ మందు), డెకడ్రాన్ (స్టెరాయిడ్) సూదులు ఇవ్వడం మనవైపు అలవాటు. వాటికి వాటి ఉపయోగం ఉంది, దురద తగ్గిస్తాయి. కానీ మూసుకుపోతున్న గొంతుని అవి తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేవు. ముందు అడ్రినలిన్ పడాలి, మిగతావి తర్వాత. ఏఎన్‌ఎంలకి దీని మీద ట్రైనింగు ఇచ్చారు, డాక్టరు వచ్చేలోగా మొదటి డోసు ఇచ్చే అధికారం ఉంది. టీకా వేయించేముందు, "అడ్రినలిన్ కిట్ తెచ్చారా సిస్టర్?" అని మర్యాదగా అడగండి. నన్ను అలా అడిగిన తల్లులంటే నాకు గౌరవం.

అడ్రినలిన్‌తో బిడ్డ తేరుకున్నా ఇంటికి తీసుకెళ్లకూడదు. కొందరిలో కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. ఆసుపత్రిలో డాక్టరు చాలనేదాకా ఉండాలి. లంకవాళ్లు 108కి ఫోన్ చేసేటప్పుడు ఊరి పేరు చెప్పి ఊరుకోకండి, అంబులెన్స్ ఏ రేవు ఒడ్డుకి రావాలో చెప్పండి. బిడ్డని పడవలో ఈ ఒడ్డుకి తెచ్చేసరికి బండి అక్కడ ఉండాలి. సిస్టర్ కూడా కిట్‌తో పడవ ఎక్కాలి, ఎందుకంటే రెండో డోసు దారిలోనే అవసరం పడొచ్చు. అది ఇవ్వాలో వద్దో ఆమె పీహెచ్‌సీ డాక్టరుని ఫోన్లో అడిగి చేస్తుంది.

వరదల మాట కూడా చెప్పాలి. 2022 జులైలో వచ్చినంత వరద కాకపోయినా, ఏటా జులై, ఆగస్టుల్లో కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతూనే ఉంటాయి. అలాంటప్పుడు ప్రాణాలకి తెగించి టీకాకి రావద్దు. వారం, రెండు వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, నీళ్లు తీశాక వేయించండి. మధ్యలో గ్యాప్ వచ్చింది కదా అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు.

పెద్దపిల్లల్లో ఇంకో రకం ఉంది. దాన్ని అనాఫిలాక్సిస్ అనుకుని చాలామంది హడలిపోతారు. హైస్కూల్లో పదహారేళ్ల పిల్లలకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) సూది వేస్తుంటే ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది, ఆమెని చూసి ఇంకో ఇద్దరు, ఆ తర్వాత వరసగా మరికొందరు. ఊరంతా స్కూలు మీదకి వచ్చేసింది. అది భయంతో వచ్చే సొమ్మ. సూది వేసేటప్పుడే, కొన్నిసార్లు వేయకముందే వస్తుంది. ముఖం పాలిపోయి చల్లటి చెమటలు పడతాయి. నాడి నెమ్మదిస్తుంది. దద్దుర్లు ఉండవు, పిల్లికూతలు ఉండవు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే నిమిషం, రెండు నిమిషాల్లో తేరుకుంటారు. అందుకే పెద్దపిల్లలకి కూర్చోబెట్టే వేయాలి, ఒకరికి వేస్తుంటే మిగతావాళ్లు చూడకుండా వేరే గదిలో వేయాలి. అయితే చంటిపిల్లలు ఇలా భయంతో సొమ్మసిల్లడం సాధారణంగా ఉండదు. మీ పాప వయసు బిడ్డ వాలిపోతే, సొమ్మేలే అనుకోకూడదు.

అరగంట దాటి ఇంటికి వెళ్లాక వచ్చేవి వేరు. జ్వరం, సూది చోట వాపు, చిరాకు మొదటి రెండు రోజుల్లో వచ్చి పోతాయి. ఎంఆర్‌కి మటుకు జ్వరం, సన్నటి పొక్కులు వారం, పది రోజుల తర్వాత రావచ్చు, అదీ మామూలే. ఇంకో మాట, ఆరో వారం మీ పాపకి మూడు చోట్ల సూదులు పడి ఉంటాయి: ఎడమ తొడకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా), కుడి తొడకి న్యుమోనియా టీకా, కుడి జబ్బకి పోలియో సూది. పదో వారం పెంటావాలెంట్ ఒక్కటే సూది, మిగతావి పోలియో, రోటా చుక్కలు. ఈ మాట మీ అత్తగారికి చెప్పండి, ఆవిడకి సగం బెంగ తీరుతుంది.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. ముందుజాగ్రత్త అని జ్వరం రాకముందే పట్టొద్దు. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే టీకా కంటే దీనివల్లే ఎక్కువ ప్రమాదం చూశాను. పారాసెటమాల్ చుక్కల మందుగానూ దొరుకుతుంది, సిరప్‌గానూ దొరుకుతుంది. రెండూ ఒకటి కావు. చుక్కల మందులో మామూలుగా ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 120, 125, కొన్నిటిలో 250 ఉంటాయి. 120, 125 సిరప్ లెక్కన చుక్కల మందు ఐదు మిల్లీలీటర్ల చెంచాడు పట్టారంటే అది దాదాపు నాలుగు రెట్లు. కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. ఐదు కిలోల పాపకి ఒకసారికి 50 నుంచి 75 మిల్లీగ్రాములు, అంటే 100 బలం చుక్కల మందు అర మిల్లీలీటరు నుంచి ముప్పావు. ఆరు గంటల ఎడం ఉండాలి. సీసా మీద బలం చదివి, ఎంత పట్టాలో సిస్టర్ చేత కార్డు మీద రాయించుకోండి. నిమెసులైడ్ ఇవ్వొద్దు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ వద్దు.

సెషన్‌లో మాత్రలిచ్చినా పేరు చదవండి. 2019లో హైదరాబాద్‌లో టీకాల తర్వాత పిల్లలకి పారాసెటమాల్ అనుకుని ట్రమడాల్ మాత్రలు ఇచ్చేశారు. అది పెద్దవాళ్లకి ఇచ్చే బలమైన నొప్పి మందు. పసిబిడ్డ ప్రాణం పోయింది, చాలామంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ తప్పు టీకాది కాదు.

గట్టిపడిన తొడకి కాపడం పెట్టొద్దు, నూనె రాసి మర్దనా చేయొద్దు, ఉల్లిపాయ నూరి కట్టొద్దు. చల్లటి తడిగుడ్డ చాలు. బీసీజీ (క్షయ టీకా) వేసిన ఎడమ జబ్బ మీద కొన్ని వారాల తర్వాత పొక్కు లేచి, చీము పట్టి, మచ్చ పడటం మామూలే, దానికీ ఏమీ రాయొద్దు. చంకలో గడ్డ కడితే మాత్రం చూపించండి.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి ఇవి:

ఫిట్స్. జ్వరంతో వచ్చే ఫిట్స్ చూడటానికి భయంకరంగా ఉంటాయి గాని, ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి, వాటివల్ల మామూలుగా మూర్ఛరోగం రాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ, వాతలు పెట్టడం వద్దు. అన్నిటికంటే ఆ వాతల వల్లే బిడ్డ ఎక్కువ బాధపడటం చూశాను. ఐదు నిమిషాలు దాటితే 108. ముందే ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే డాక్టరు చూడాలి.

మూడు గంటలకి మించి ఏం చేసినా ఆగని ఏడుపు. లేదా బిడ్డ పాలిపోయి, గుడ్డపీలికలా వాలిపోయి పలక్కపోవడం. ఈ రెండోది పెంటావాలెంట్ తర్వాత మొదటి రెండు రోజుల్లో అరుదుగా వస్తుంది, ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. కానీ అదేనో, ఇంకేదో ఇంట్లో తేల్చుకోలేం.

రోటా చుక్కల తర్వాత వారం రోజుల్లో ఉండుండి ముడుచుకుని గుక్కపట్టి ఏడవడం, పచ్చటి వాంతులు, జిగురుతో ఎర్రగా విరేచనం. పేగు పేగులోకి దూరితే ఇలా ఉంటుంది. చాలా అరుదు, మొదటి డోసు తర్వాతే దీని భయం కాస్త ఎక్కువ. కానీ గంటలు ముఖ్యం. ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికే, కాకినాడ లాంటి చోటుకి వెళ్లాలి.

మీ పాపకి మూడు నెలలు నిండలేదు కాబట్టి, జ్వరం 102 దాటినా, రెండు రోజులకి మించినా, పాలు తాగడం మానేసినా ఇంట్లో ఉంచొద్దు.

ఒకే సెషన్‌లో వేయించుకున్న ఇద్దరు ముగ్గురు పిల్లలకి కొన్ని గంటల్లోనే తీవ్రమైన జ్వరం, వాంతులు, విరేచనాలు వస్తే అందరినీ ఆసుపత్రికి తీసుకెళ్లి, పీహెచ్‌సీకి అప్పటికప్పుడు తెలియజేయాలి. బీసీజీ, ఎంఆర్ పొడిమందులు. ద్రావకం కలిపిన 4 గంటల్లో వాడేసి మిగిలింది పారేయాలి, లేకపోతే అందులో క్రిములు పెరుగుతాయి. కలిపిన టైము సీసా మీద రాస్తారు. మీ పాపకి తొమ్మిదో నెలలో ఎంఆర్ వేయించేటప్పుడు ఆ టైము చూడండి.

ఇక మీ అత్తగారి భయం. ఆవిడని తప్పుబట్టను. నా సర్వీసులో ఒకసారి వరద వల్ల ఒక లంకలో సెషన్ రద్దయింది. టీకా వేయాల్సిన లిస్టులో ఉన్న ఒక బాబుకి ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో మెదడువాపు అన్నారు. ఆ రోజు మేం వెళ్లి టీకా వేసి ఉంటే, ఆ ఊళ్లో ఆ తర్వాత ఒక్క తల్లీ బిడ్డని తెచ్చేది కాదు. చంటిపిల్లలకి జబ్బులు ఎక్కువగా వచ్చే నెలల్లోనే టీకాలు కూడా వస్తాయి. అందుకే టీకా తర్వాత వచ్చిన ప్రతిదీ టీకా వల్ల వచ్చింది కాదు. టీకా వల్ల కాదు అని ముందే తేల్చేయడమూ తప్పే. విచారణ చేయాలి.

దానికి పద్ధతి ఉంది. టీకా తర్వాత బిడ్డని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, ప్రాణం పోయినా, ఏఎన్‌ఎం డాక్టరుకి, ఆయన జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి 24 గంటల్లోగా తెలియజేయాలి. మీ తల్లీబిడ్డ కార్డు మీద టీకా పేరు, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి, బ్యాచ్ నంబరు రాయమని అడగండి. ఎన్ని గంటలకి వేశారు, ఎన్ని గంటలకి ఏ గుర్తు వచ్చింది ఒక కాగితం మీద రాసుకోండి, దద్దుర్లు ఉంటే ఫోన్లో ఫొటో తీయండి. సిస్టర్ పట్టించుకోకపోతే మీరే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. అది మందుల, టీకాల దుష్ప్రభావాలు నమోదు చేసే ఉచిత నంబరు.

పక్క లంక బాబు గురించి కూడా అడిగారు, వాళ్లకి ఇక టీకాలే ఉండవా అని. ఆ బాబుకి ఏ టీకా వల్ల అనాఫిలాక్సిస్ వచ్చిందని తేలుతుందో ఆ టీకా మళ్లీ వేయరు. మిగతావి పిల్లల డాక్టరు చూసి, అన్ని ఏర్పాట్లున్న ఆసుపత్రిలో వేస్తారు. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం నుంచి ఆ బాబుకీ రక్షణ కావాలి కదా. వాళ్లు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం పారేసి ఉంటే, వెళ్లి ఇంకో కాపీ అడిగి తెచ్చుకోమనండి. తర్వాత ఏ టీకాకి వెళ్లినా డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.